గతుకు దారులకు చౌక సైకిలు సీటు: ఎన్నిక, అమరిక, సంరక్షణ

వ్యవసాయదారునకు నాగలి, పార, కొడవలి ఎట్టి సాధనములో సైకిలు కూడ నట్టి సాధనమే. మోటారు బండ్లు గ్రామములలో విస్తారముగా ప్రవేశించిన యీ దినములలో సైతము, తెల్లవారక పూర్వమే పొలమునకు పోయి నీరు కట్టి వచ్చువారును, పాలు కేంద్రమునకు చేర్చువారును, కూలిపనికి పొరుగూరు పోవువారును, బడికి పోవు బాలబాలికలును అనేకులు సైకిలునే నమ్ముకొని యున్నారు. దానికి పెట్రోలు వ్యయము లేదు. గట్టుమీద మనిషి నడువగల చోటనెల్ల అది నడచును. చెడిపోయినచో ఊరిలోనే బాగుచేయించుకొనవచ్చును.

ఇంతటి ఉపకారియైన సైకిలును పలువురు మధ్యలో విడిచిపెట్టుటకు గల కారణములలో సీటువలన కలుగు బాధ యొకటి. చక్రములు, గొలుసు, బ్రేకులు చెడినచో వెంటనే శ్రద్ధ వహించువారు సీటు విషయమున మాత్రము బాధను ఓర్చుకొని తిరుగుదురు. కొంతకాలమునకు ఓర్పు నశించి సైకిలును చూరుక్రింద చేర్చి, రెండు మైళ్ళ దూరమునకు కూడ అప్పుచేసి కొన్న మోటారు బండి నెక్కుదురు. మరికొందరు అంగడికి పోయి, వ్రేలితో నొక్కి చూచి, అన్నిటికన్న మెత్తనైన సీటును కొని తెత్తురు. అది నాలుగు దినములు హాయిగానుండి, ఒక వర్షకాలము గడచులోపల చిరిగి, క్రుంగి, ఒక ప్రక్కకు ఒరిగిపోవును. మరల కొత్త సీటు, మరల వ్యయము.

ఈ వ్యాసమున మేము చెప్పదలచిన ముఖ్యాంశము ఒక్కటే. మెత్తదనము సుఖము కాదు. సీటు సుఖము దాని కొలతయందును, అమరికయందును, దానిని మోయు ఇనుమునందును ఉన్నది. ఈ మూడింటిని ఎరిగి కొన్నచో తక్కువ వెల సీటు కూడ గతుకు దారులలో చిరకాలము నిలుచును.

దారి సీటునకు పెట్టు పరీక్ష

తారు రోడ్డుమీద సీటు మోయునది మనిషి బరువు మాత్రమే. డొంకదారిలోను, పుంతలోను, కాలువగట్టుపైనను పరిస్థితి వేరు. వెనుక చక్రము గతుకులో దిగి పైకి లేచునప్పుడు సీటు క్రిందినుండి శరీరమును తన్నును. శరీరము పైకెగసి మరల సీటుపై పడును. ఆ క్షణమున సీటుపై పడు భారము మనిషి తూకమును మించిపోవును. సీటు వెనుక చక్రమునకు సమీపముననే యుండుటవలన ముందు చక్రపు తాకిడికంటె వెనుక చక్రపు తాకిడియే కూర్చున్న వానికి ఎక్కువగా తగులును.

ఈ తాకిడులు రెండు విధములు. నల్లరేగడి నేలలలో వానకు బురదయై, ఎండకు గట్టిపడిన బండిగాడులను దాటునప్పుడు కలుగునవి పెద్ద కుదుపులు. మొరము బాటలలోను, కంకర పరచిన దారులలోను ఎడతెగక కలుగునది సన్నని వణకు. పెద్ద కుదుపులను స్ప్రింగులు ఆపగలవు. సన్నని వణకును టైరులోని గాలియు, సీటు పైపొరయు చాలవరకు మ్రింగును. ఒక్క సాధనమే రెండింటిని మాన్పునని తలచుట పొరపాటు.

సైకిలు నెక్కువాని భంగిమ కూడ గమనింపదగినది. 28 అంగుళముల చక్రములు గల పాత పెద్ద సైకిలుపై మనిషి నిటారుగా కూర్చుండును; నడుము పైభాగపు బరువంతయు సీటుమీదనే పడును. హ్యాండిలు పల్లముగానుండి ముందుకు వంగి తొక్కు సైకిలుపై ఆ బరువు కొంత చేతులకును, కొంత పాదములకును పోవును. కావున మొదటి వానికి వెడల్పైన స్ప్రింగు సీటును, రెండవ వానికి సన్నని గట్టి సీటును తగియుండును. ఒకరికి కుదిరిన సీటు మరియొకరికి కుదరకపోవుటకు గల ముఖ్య కారణములలో ఇది యొకటి.

శరీరము దేనిపై కూర్చుండును

మనము గట్టి బల్లపై కూర్చున్నప్పుడు పిరుదుల క్రింద ఇరుప్రక్కల రెండు ఎముకలు బల్లకు తగులును. బరువు మోయుటకు ప్రకృతి యేర్పరచిన స్థానములవియే. వాటి నడుమ దూరము పెద్దవారిలో సామాన్యముగా 10 మొదలు 15 సెంటీమీటర్ల వరకు నుండును. స్త్రీలలో సగటున కొంత యెక్కువ. ఆ రెండు ఎముకల మధ్యనున్న భాగము మాత్రము బరువు మోయుటకు పుట్టినది కాదు. అచ్చట ముఖ్యమైన నరములును, రక్తనాళములును పోవుచున్నవి.

మంచి సీటు యనగా ఎముకల క్రింద ఆనుకయు, నడుమనున్న మెత్తని భాగమునకు విడుదలయు నిచ్చునది. సీటు మిక్కిలి మెత్తనిదైనచో ఎముకలు దానిలోనికి దిగిపోవును. అంతట నడిమి భాగపు స్పంజి పైకి ఉబికి నరములను అదుమును. అందుచే అంగడిలో వ్రేలికి హాయినిచ్చిన సీటే అరగంట ప్రయాణమునకు తిమ్మిరి పుట్టించును. సీటు సన్ననిదైనచో ఎముకలు దాని అంచులు దాటి పోయి, బరువంతయు నడుమనే పడును. మరీ వెడల్పైనచో తొడలు ఒరసికొని పుండ్లగును.

ఈ తిమ్మిరిని తేలికగా చూడరాదు. అమెరికా దేశమున సైకిళ్ళపై గస్తీ తిరుగు పోలీసు ఉద్యోగులలో 90 మందిని ఆ దేశపు వృత్త్యారోగ్య పరిశోధన సంస్థయగు నియోష్ వారు పరీక్షించి 2008వ సంవత్సరమున ఫలితములను ప్రకటించిరి. ముందు ముక్కు లేని సీట్లను ఆరు నెలలు వాడించిన పిమ్మట, తమకు తిమ్మిరి కలుగుట లేదని చెప్పినవారు నూటికి 27 నుండి 82కు పెరిగిరి. దీనినిబట్టి బాధకు మూలము సీటు ముక్కుపై పడు బరువేయని తేటపడుచున్నది. ఐతే గతుకు దారిలో తొడలతో సైకిలును అదుపు చేయుటకు ఆ ముక్కు ఉపయోగపడును. కావున మనకు ముక్కును తొలగించుకంటె దానిమీద బరువు పడకుండ సీటును కొలిచి అమర్చుకొనుట మేలని మా యభిప్రాయము.

కొలత తీయుటకు ఖర్చు లేదు. మడతలు గల అట్టపెట్టె ముక్క నొకదానిని గట్టి అరుగుపై పరచి, సైకిలుపై కూర్చుండు భంగిమలో దానిపై ఒక నిమిషము కూర్చుండి, పాదములను కొంచెము పైకెత్తవలెను. లేచి చూచినచో అట్టపై రెండు గుంటలు కనబడును. ఒక గుంట నడిమినుండి రెండవ దాని నడిమికి కొలిచి, దానికి రెండు మూడు సెంటీమీటర్లు కలుపుకొనినచో సీటు వెనుక భాగమున ఉండవలసిన కనీసపు వెడల్పు తెలియును. నిటారుగా కూర్చుండువారు ఇంకొక సెంటీమీటరు కలుపుకొనుట మంచిది. ఈ వెడల్పును సీటు అంచులనుండి కాక, పైన చదునుగానున్న భాగమునందు కొలువవలెను.

సీట్లలో రకములు

మొదటిది తోలు సీటు. దళసరి తోలును ఇనుప చట్రముపై ముందు వెనుకల బిగించి, ఉయ్యాలవలె వ్రేలాడదీయుదురు. ఇంగ్లండు దేశమున బర్మింగుహాములో 1866లో స్థాపితమైన బ్రూక్సు సంస్థ 1882లో ఇట్టి సీటునకు పేటెంటు పొందినది. ఈ సీటు మొదట బండవలె గట్టిగానుండి, కొన్ని వారముల వాడుకకు మనిషి ఎముకల గుర్తుల ననుసరించి తానే క్రుంగి అచ్చు పడును. జాగ్రత్తగా వాడినచో దశాబ్దములు నిలుచును. ఐతే దిగుమతి సరుకు వేలకొలది రూపాయలు. తక్కువ వెలకు వచ్చు నకిలీలలో తోలు పలుచనై త్వరలో సాగిపోవును. వానలో తడియుట దీనికి ప్రబల శత్రువు.

రెండవది పరుపు స్ప్రింగుల సీటు. ఇనుప చట్రముపై ముందునుండి వెనుకకు సన్నని పొడుగు స్ప్రింగులను వరుసగా కట్టి, వాటిపై దళసరి గుడ్డయో ఫెల్టో వేసి, రెగ్జినుతో కప్పుదురు. ఇది గాలి ఆడునది, కుదుపులను బాగుగా ఆపునది. ఒక స్ప్రింగు తెగినను మిగిలినవి మోయును, తెగినదానిని మార్చవచ్చును. పైగుడ్డ అరిగినచో కుట్టుపనివాడు కొత్తది వేయగలడు. పల్లెటూరి వాడుకకు ఇది మిక్కిలి తగిన రకము.

మూడవది నేడు అంగళ్ళలో విస్తారముగా దొరకునది. ప్లాస్టిక్కు అడుగుపలకపై ఫోమును పోసి, రెగ్జిను తొడిగి అంచులను పిన్నులతో బిగించి, వెనుక రెండు చుట్టల స్ప్రింగులను అమర్చుదురు. కొన్ని వందల రూపాయలకే వచ్చును. ఈ రకములో మంచివియు చెడ్డవియు పైకి ఒక్కరీతిగానే కనబడును; తేడా అంతయు అడుగున ఉండును.

నాలుగవది కొండసైకిళ్ళకు వచ్చు సన్నని సీటు. దీని పుట్టుక తెలిసికొనినచో దీని గుణము తెలియును. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, టమల్పాయిస్ పర్వత ప్రాంతములో, 1970 తరువాతి సంవత్సరములలో కొందరు యువకులు లావు టైర్ల పాత సైకిళ్ళను తీసికొని కొండదారులలో దిగుట నేర్చిరి. 1976లో రీప్యాక్ అను పేర అచ్చట దిగుడు పందెములు ఆరంభమైనవి. ఏటవాలు దిగునప్పుడు వారు సీటుపై కూర్చుండక పెడళ్ళపై లేచి, శరీరమును సీటు వెనుకకు జరుపుదురు. వెడల్పైన సీటు దానికి అడ్డుపడును. కావుననే ఆ జాతి సైకిళ్ళకు సన్నని సీటు వాడుకలోనికి వచ్చినది. మన యూళ్ళలో రేంజరు సైకిళ్ళని పిలువబడు చౌక కొండసైకిళ్ళు ఆ రూపమునే అనుకరించినవి. తరచు లేచి తొక్కు యువకునకు అవి తగును. పాలక్యానులు కట్టుకొని గంటసేపు కూర్చుండి తొక్కువానికి ఆ సీటు తగదు. సైకిలును మార్చనక్కరలేదు, సీటును మాత్రము మార్చినచో చాలును.

వీటికి తోడు జెల్లు తొడుగులని పై కప్పులు అమ్ముచున్నారు. కొద్ది దూరమునకు ఇవి ఉపశమనము నిచ్చునుగాని, సీటుపై అటునిటు జరిగిపోయి ఒరపు కలిగించును. వాననీటిని పట్టియుంచి క్రింది రెగ్జినును కుళ్ళబెట్టును. మడిచిన తువ్వాలు, గోనెపట్టా మొదలగునవియు నిట్టివే. సరిపడని సీటును తొడుగు సరిచేయజాలదు.

చౌక సీటు ఎచ్చట చెడును

సీటు చిరిగినప్పుడు మనము పైపొరను నిందింతుము. కాని గతుకు దారిలో మొదట ఓడునది తరచు అడుగుభాగమే. సీటును పైపుపై పట్టియుంచు క్లిప్పులో పళ్ళు గల బిళ్ళలుండును. నట్టు వదులైనప్పుడు కుదుపుకొకసారి ఆ పళ్ళు ఒకదానిపై నొకటి జారి అరిగిపోవును. అటుపిమ్మట ఎంత బిగించినను సీటు ముక్కు పైకెత్తుకొనుటయో, వెనుకకు పడుటయో సంభవించును. గట్టుమీద పోవునప్పుడు సీటు హఠాత్తుగా తిరిగినచో మనిషి కాలువలో పడుట నిశ్చయము. ఈ ప్రమాదము దృష్ట్యా క్లిప్పును ఆభరణముగా కాక ఆయువుపట్టుగా నెంచవలెను.

తరువాత చెడునవి కమ్మీలు. సీటు క్రింద జంటగా పోవు ఇనుప కమ్మీలు ప్రస్తుతపు సీట్లలో సామాన్యముగా 7 మిల్లీమీటర్ల లావు గుండ్రని కడ్డీలు. తక్కువ రకపు మెత్తని ఇనుముతో చేసినవి బరువైన మనిషి క్రింద క్రమముగా వంగును. క్లిప్పు అంచున గాటు పడి అచ్చటనే విరుగును. స్ప్రింగులలో ఒకటి మరియొకదానికంటె మెత్తనైనచో సీటు ఒక ప్రక్కకు ఒరిగి, నడుము నొప్పికి దారితీయును. ప్లాస్టిక్కు పలక ఎండకు పెళుసెక్కి, కమ్మీలు దూరు రంధ్రముల యొద్ద బీటలిచ్చును. రెగ్జిను ముక్కువద్దను, కుట్లవద్దను పగిలి నీటిని లోనికి పోనిచ్చును. నీరు త్రాగిన ఫోము ఆరక, బరువెక్కి, క్రమముగా పొడియై రాలును.

ఎరువుల బస్తాలను సైకిలుపై తరలించువారు ఇంకొక సంగతి గమనింపవలెను. ఎరువుల పొడి తేమను లాగుకొని ఇనుమును తినివేయును. క్యారియరుపైనుండి రాలిన పొడి సీటు స్ప్రింగులలోనే చేరును. బస్తా దింపిన వెంటనే ఆ భాగమును నీటితో కడిగి తుడిచినచో తుప్పు చాలవరకు తప్పును.

కొనునప్పుడు చేయవలసిన పరీక్షలు

అంగడిలో సీటును తలక్రిందులు చేసి చూచుట మొదటి పని. పైభాగమునకు అర నిమిషము, అడుగుభాగమునకు అయిదు నిమిషములు కేటాయింపుడు.

1. కొలతబద్దతో వెనుక వెడల్పును కొలిచి, మీ యెముకల కొలతతో సరిచూడుడు.

2. పైభాగమును బొటనవ్రేలితో గట్టిగా నొక్కుడు. వ్రేలు కొంచెము దిగి ఆగి, తీయగానే పైకి రావలెను. అడుగుపలక తగులువరకు దిగినచో ఆ ఫోము పనికిరాదు.

3. రెండు స్ప్రింగులను ఒకేసారి రెండు చేతులతో అదిమి, సమానముగా అణగుచున్నవో లేదో చూడుడు. తీగె దళసరిగానుండవలెను. చుట్టలు ఒకదానికొకటి తగులకుండ ఎడమీయవలెను.

4. కమ్మీలు రెండును ఒకే ఎత్తున, ఒకదానికొకటి సమాంతరముగా నున్నవాయని ముందునుండి చూడుడు. వంకర కమ్మీ గల సీటు ఎన్నటికిని నేరుగా కూర్చుండదు.

5. అడుగుపలకను రెండు కొనల పట్టి మెలిత్రిప్పుడు. క్రిందివైపు అడ్డపట్టీలు పోసిన పలక తక్కువగా వంగును. నున్నని పలుచని పలక వద్దు.

6. రెగ్జిను కుట్లు కూర్చుండు భాగముపై రాకుండ ప్రక్కలకుండుట మేలు. అంచున పిన్నులు దగ్గరదగ్గరగా నుండవలెను.

7. క్లిప్పును విప్పి పళ్ళు స్పష్టముగా చెక్కియున్నవో చూడుడు. నట్టు బోల్టుపై వ్రేళ్ళతోనే సులభముగా ఎక్కవలెను. మన సైకిలు పైపు లావునకు ఆ క్లిప్పు సరిపోవునో లేదో అంగడిలోనే చూచుకొనుడు. పాత పెద్ద సైకిళ్ళ పైపు కొన సామాన్యముగా 22 మిల్లీమీటర్లు.

8. నట్టు, క్లిప్పు, స్ప్రింగు విడిగా దొరకునాయని అడుగుడు. విడిభాగములు దొరకని సీటు చౌకయైనను ఖరీదైనదే.

ఉదాహరణకు, ఒకరు రెండువందల రూపాయల సీటును సంవత్సరమునకు రెండు పర్యాయములు మార్చుచున్నారనుకొందము. మూడేండ్లకు అది పండ్రెండువందలగును. మరియొకరు ఆరువందలకు విడిభాగములు దొరకు గట్టి సీటును కొని, మూడేండ్లలో ఒక క్లిప్పును, ఒక రెగ్జిను తొడుగును మాత్రము మార్పించినచో ఆయన వ్యయము తక్కువ, సుఖము ఎక్కువ. ధరను రసీదుపై కాక, నిలిచిన నెలలపై లెక్కింపవలెను.

అమరిక

కొత్త సీటు కొనుటకు ముందు ఉన్న సీటునే సరిగా అమర్చి చూడవలసినదని సభ్యులకు మా సలహా. పలువురి బాధ ఇంతటితోనే తీరును.

ఎత్తు: సైకిలును గోడకు ఆనించి ఎక్కి, మడమను పెడలుపై నుంచి, పెడలును అన్నిటికన్న క్రిందికి త్రిప్పుడు. అప్పుడు మోకాలు నిటారుగా చాగవలెను. పాదపు ముందుభాగముతో తొక్కునప్పుడు మోకాలు కొంచెము వంగియుండును. అదియే సరియైన ఎత్తు. మరీ ఎత్తైనచో నడుము అటునిటు ఊగి ఒరపు కలుగును. మరీ పల్లమైనచో కాళ్ళు బరువును మోయక, అంతయు సీటుమీదనే పడును; మోకాళ్ళును నొప్పిపెట్టును. గతుకు దారిలో పాదము నేలకు ఆనించుకొనవలసినవారు ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గించుకొనవచ్చును. పైపుమీద గీసియున్న కనిష్ఠపు హద్దు గీత బయటికి కనబడునంత ఎత్తుగా పైపును లాగరాదు. గీత లేనిచో రెండున్నర అంగుళములకు తక్కువ కాకుండ పైపు లోపలనుండవలెను. లేనిచో పైపుగాని, చట్రముగాని విరుగును.

మట్టము: సీటుపై ఒక చెక్కబద్దను పెట్టి చూచినచో అది నేలకు సమాంతరముగానుండవలెను. ముక్కు పైకెత్తినచో నరములు నలుగును. ముక్కు క్రిందికి దిగినచో మనిషి ముందుకు జారి, చేతులును మణికట్లును అలయును. మార్చదలచినప్పుడు ఒక్కసారి వ్రేలెడు మార్చక, రవంత మార్చి రెండు దినములు తొక్కి చూడవలెను.

ముందు వెనుకలు: పెడళ్ళు రెండును సమమట్టమున నున్నప్పుడు ముందరి మోకాలు ఇంచుమించుగా ఆ పెడలు ఇరుసునకు నేరుగా పైన నుండవలెను.

బిగింపు: క్లిప్పు నట్లను రెండు ప్రక్కల సమముగా పానాతో బిగింపుడు. కొత్త సీటు వేసిన వారమునకు మరల ఒకసారి, పిమ్మట నెలకొకసారి పరీక్షింపుడు. రెండు పర్యాయములు బిగించినను జారుచున్నచో పళ్ళు అరిగినవని తెలిసికొని, ఆలస్యము చేయక క్లిప్పును మార్పుడు.

సీటునకు సాయము చేయునవి మరి రెండు గలవు. ఒకటి టైరులోని గాలి. బండవలె గాలి కొట్టిన టైరు ప్రతి రాతిని నడుమునకు తెలియజేయును; మరీ తక్కువైనచో రిమ్ము నేలకు తగిలి ట్యూబు తెగును. టైరు ప్రక్కన ముద్రించిన గరిష్ఠ ప్రమాణమునకు కొంత తక్కువగా, మన బరువు ననుసరించి పెట్టుకొనవలెను. రెండవది మన కాళ్ళు. పెద్ద గతుకు ఎదురైనప్పుడు పెడళ్ళను సమమట్టమునకు తెచ్చి, మోకాళ్ళు వంచి, సీటునుండి రెండంగుళములు లేచినచో ఆ తాకిడిని కాళ్ళే మ్రింగును. ఈ ఒక్క అలవాటు సీటు ఆయువును పెంచును, నడుమును కాపాడును. మోకాలును మించిన స్ప్రింగును ఏ కర్మాగారమును చేయలేదు.

దుస్తుల విషయమున ఒక మాట. తడిసిన పంచె, ముడతలు పడిన లుంగీ, దళసరి కుట్లు గల నిక్కరు ఒరపునకు ముఖ్య కారణములు. నీరు కట్టి వచ్చువారు తడిబట్టను పిండి సరిచేసికొని ఎక్కుట మంచిది.

సంరక్షణ

రెగ్జిను సీటునకు ఎండ ప్రధాన శత్రువు. పొలము గట్టున సైకిలును చెట్టునీడ నుంచుడు. నీడ లేనిచో సీటుపై గుడ్డ కప్పుడు. చిన్న చిరుగును ఆ దినముననే అతుకు వేయింపుడు. ట్యూబు అతుకుల గమ్ముతో పలుచని రబ్బరు ముక్కను అంటించినను నీరు లోనికి పోదు. తడిసిన ఫోమును కూర్చుండి పిండరాదు. సీటును విప్పి, అడుగు పైకి చేసి, గాలికి ఆరనిండు. స్ప్రింగు కొక్కెములకును, బోల్టులకును నెలకొక చుక్క నూనె వేసినచో కిర్రుమను చప్పుడును, తుప్పును పోవును. క్లిప్పు పళ్ళపై మాత్రము నూనె పడనీయరాదు.

తోలు సీటు తడిసినచో దానిపై కూర్చుండరాదు, తడితోలు సాగిపోవును. ఎండలోను, పొయ్యి దగ్గరను ఆరబెట్టక నీడలో ఆరనీయవలెను. చెప్పులకు ఆముదము పట్టించినట్లు సీటును నూనెతో తడుపరాదు. నూనె మించినచో తోలు మెత్తబడి క్రుంగును. సంవత్సరమునకు రెండు మూడు పర్యాయములు తోలు మైనమును పలుచగా రుద్దిన చాలును. ముక్కు క్రిందనున్న బిగింపు నట్టును తోలు క్రుంగినప్పుడు మాత్రమే, ఒక్కొక్కసారి పావు చుట్టుకు మించక త్రిప్పవలెను. కొవ్వు వాసనకు ఎలుకలును, కుక్కలును తోలును కొరుకును గనుక రాత్రి సైకిలును లోపల పెట్టుకొనుట మంచిది.

స్త్రీలు, బాలురు, రోగులు

ఇంట ఒకే సైకిలు ఉండి, తండ్రి, కుమార్తె, కోడలు అందరును దానినే వాడుట కలదు. అట్టి యిండ్లలో ఎత్తును మార్చుకొనుటకు పైపుపై ఒక్కొక్కరికి ఒక్కొక్క రంగు గీత గీసికొనినచో సులభము. స్త్రీలకు సామాన్యముగా వెడల్పైన, ముక్కు పొట్టియైన సీటు కుదురును. ఎదుగు పిల్లలకు ఆరు నెలలకొకసారి ఎత్తును సరిచూడవలెను.

సైకిలు దిగిన కొలది నిమిషములలో తిమ్మిరి పోవుచున్నచో అమరికను సరిచేసికొనుట చాలును. తిమ్మిరి గంటలకొలది నిలిచినను, మూత్రమున మంటగాని, రక్తముగాని కనబడినను, కూర్చుండు చోట గడ్డ లేచినను సైకిలు నాపి వైద్యునకు చూపించుకొనవలెను. ఇవి సిగ్గుపడి దాచుకొనదగిన విషయములు కావు. మధుమేహ రోగులు ఒరపు పుండ్లను అసలే అశ్రద్ధ చేయరాదు.

సంఘము చేయదగినది

ఒక్కొక్క రైతు విడిగా అంగడికి పోయినప్పుడు, వర్తకుడు చూపినదే సరుకు, చెప్పినదే ధర. పదుగురు సభ్యులు కలిసినచో పరిస్థితి మారును. దేశమున సైకిలు భాగములు చేయు పరిశ్రమకు లూధియానా నగరము ముఖ్యస్థానము. అచ్చటనుండి వచ్చు సరుకును టోకున తెప్పించుకొనుట సహకార సంఘములకు అసాధ్యము కాదు. మొదట రెండు మూడు రకముల సీట్లను నమూనాగా తెప్పించి, పాలు మోయువానికొకటి, బరువైన మనిషికొకటి, బడికి పోవు బాలికకొకటి యిచ్చి, ఒక వర్షకాలము వాడించి చూచి, పిమ్మట నిలిచిన రకమునే అందరికి తెప్పించుట వివేకము. సీట్లతోపాటు క్లిప్పులు, నట్లు, స్ప్రింగులు, రెగ్జిను తొడుగులు నిలువ యుంచినచో పాత సీటును పారవేయవలసిన అగత్యము తగ్గును. సంఘ కార్యాలయమున ఒక పానాయు, ఒక కొలతబద్దయు, ఒక అట్టముక్కయు నుంచినచో సభ్యులు తమ కొలతలను అచ్చటనే చూచుకొనగలరు. ఈ విషయమును రాబోవు సమావేశమున చర్చింపవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.

ఈలోగా ప్రతి సభ్యుడును ఈ వారముననే చేయదగిన పని యొకటి కలదు. సైకిలు సీటును తలవంచి అడుగునుండి చూచి, నట్లను బిగించి, చెక్కబద్దతో మట్టము సరిచూచుకొనవలెను. దీనికి పట్టునది పది నిమిషములు, వ్యయము లేదు. పైసా ఖర్చులేని యీ పని చేసిన పిమ్మటనే కొత్త సీటు మాట తలపెట్టుట గృహస్థునకు లక్షణము.